కొన్ని ఆకులు ఎందుకు తొందరగా మురగవు?



శివరాత్రి దాటిందంటే మన నడిగడ్డలో చెట్లు ఆకు రాలుస్తాయి. సాయంకాలం పూట బీచుపల్లి వంతెన మీద నిలబడి అటు రంగాపురం వైపు, ఇటు ఎర్రవల్లి వైపు చూస్తే, కృష్ణకు ఇరుపక్కలా పొలాల్లో అక్కడొకటి, ఇక్కడొకటి పొగలు లేస్తుంటాయి. కొన్ని పత్తికట్టె పొగలు, కొన్ని వరికొయ్యల పొగలు, మిగిలినవి గట్ల మీద ఊడ్చి పోగేసిన ఎండాకు పొగలు. "ఎందుకన్నా కాల్చడం, మురగబెట్టరాదా?" అని అడిగితే, "అది మురగదు సారూ, రెండేండ్లున్నా అట్లనే వుంటది" అంటారు. ఆ మాట తీసిపారేసేది కాదు. కొన్ని ఆకులు, నిజంగానే, మనకు కావలసిన వేళకు మురగవు. అవి ఎందుకు మురగవో, వాటిని ఏ విధంగా వాడుకోవాలో ఈ పూట ముచ్చటించుకుందాం.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. డిప్లొమా చదివే రోజుల్లో "సేంద్రియ పదార్థం వేయవలెను, నేల బాగుపడును" అని పరీక్షల్లో రాసి రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఈ ప్రాంతానికి విస్తరణాధికారిగా వచ్చిన కొత్తలో అదే మాట ఊరూరా చెప్పుకుంటూ తిరిగాను. ఒక పెద్దాయన నమ్మాడు. ఆయనకు రెండెకరాల ఎర్రచెల్క వున్నది. ఏరవతలి మామిడితోటలో ఎండాకు ఊరకే ఇస్తారని తెలిసి, ట్రాక్టరు బాడుగకు మాట్లాడి, వంతెన దాటించి, దగ్గర దగ్గర మూడు టన్నుల ఆకు తెచ్చి చెల్కలో పరిచాడు. మృగశిర కార్తెలో రెండు సాళ్ళు దున్ని కలిపేసి, మొక్కజొన్న విత్తాడు.

ఇరవై రోజులకు ఫోను వచ్చింది. పోయి చూద్దును గదా, పక్క చేను ఆకుపచ్చగా వున్నది. ఈయన చేను పసుపునీళ్ళు చల్లినట్టున్నది. కింది ఆకులు కొస నుంచి ఈనె వెంట పసుపు దిగుతున్నవి. అది నత్రజని లోపమని చూడగానే తెలుస్తుంది. ఆయన కోపం చేయలేదు. "ఆకెయ్యమంటివి, ఏస్తిని. ఇప్పుడా ఆకే నా పైరును తింటున్నది సారూ" అన్నాడు. యూరియా వేయించాను, కొంత తేరుకున్నది. అయినా పంట పక్కవాళ్ళ దాంట్లో సగానికి కొంచెం ఎక్కువ వచ్చిందేమో. ఇంకా గట్టున మిగిలిన ఆకుకు ఆయన అగ్గిపెట్టాడు. నేనక్కడే వున్నాను, ఆపమని అనడానికి నోరు రాలేదు.

"ఆకు పైరును తింటున్నది" అని ఆయన అన్న మాట శాస్త్రం ప్రకారం చూసినా చాలావరకు సరైనదే. అదెట్లాగో తెలియాలంటే, ఆకులో ఏమున్నదో ముందు తెలియాలి.

ఆకులో గాని, గడ్డిలో గాని, కట్టెలో గాని ఎక్కువ పాలు వుండేది సెల్యులోజు. మనం పీచు అంటామే, దానికి మూలం అదే. దీన్ని 1838లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త అన్సెల్మ్ పాయెన్ మొదట వేరుచేసి చూపించాడు. ఆశ్చర్యమేమిటంటే, సెల్యులోజు అంతా చక్కెరే. గ్లూకోజు అనే చక్కెర గింజలు వేలకొద్దీ ఒకదానికొకటి కొక్కెం వేసుకుని గొలుసు అవుతాయి. ఆ గొలుసులు పక్కపక్కన బిగుసుకుని పోగు అవుతుంది. మనం పండించే పత్తి దాదాపు అంతా సెల్యులోజే. పంచె చక్కెరతో చేసిందంటే నవ్వుతారు గాని, మాట మాత్రం నిజం. అయితే తియ్యగా ఎందుకుండదు? కొక్కెం పడిన తీరు అటువంటిది. మన కడుపు దాన్ని విప్పలేదు. ఆవు కూడా స్వయంగా విప్పలేదు. దాని పొట్టలో కాపురమున్న సూక్ష్మజీవులు విప్పి పెడితే ఆవు బ్రతుకుతున్నది.

నేలలోనైనా విప్పేది సూక్ష్మజీవులే. బూజుజాతి శిలీంధ్రాలు, బాక్టీరియాలు. వాటికి నోరు లేదు, పళ్ళు లేవు. ఆకును లోపలికి మింగలేవు గనుక, తమ ఒంట్లో ఎంజైములనే పదార్థాలు తయారుచేసి బయటికి వదులుతాయి. ఆ ఎంజైములు ఆకు మీద పని చేసి గొలుసును ముక్కలు చేస్తే, కరిగి వచ్చిన చక్కెరను అవి పీల్చుకుంటాయి. ఈ పనికి మూడు రకాల ఎంజైములు కావాలి. ఒకటి గొలుసును నడిమధ్యన ఎక్కడంటే అక్కడ తెంపుతుంది. రెండవది తెగిన కొసలు పట్టుకుని రెండేసి గింజల చొప్పున తుంచుకుంటూ పోతుంది. మూడవది ఆ జంట గింజలను విడదీసి గ్లూకోజు చేస్తుంది. మూడవది సరిగా పని చేయకపోతే జంట గింజలు పేరుకుపోయి, మొదటి రెండింటి పని కూడా మందగిస్తుంది. కోతవాళ్ళు ఎంతమంది వున్నా, మోసేవాళ్ళు లేకపోతే చేలో పని నిలిచిపోయినట్టే.

ఇంకొక సంగతి. ఏ ఎంజైము చేసే పని దానిదే. గద్వాల చీర మీకు తెలియనిది కాదు. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు సెల్యులోజు, పట్టు మాంసకృత్తు. సెల్యులోజును తెంపే ఎంజైము ఆ చీర మీద పడితే నూలును తెంపుతుంది గాని, పట్టు అంచును ముట్టదు. దానికి వేరే ఎంజైము రావాలి.

ఈ ఎంజైముల సంగతి లోకానికి గట్టిగా తెలిసింది యుద్ధం పుణ్యమా అని. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ సముద్రంలోని సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలుగుడ్డ డేరాలు వేసుకున్నది. వానకూ ఉక్కకూ ఆ డేరాలు చూస్తూండగానే చీకిపోయాయి. సైన్యంవాళ్ళు ఆ చీకిన గుడ్డను పరీక్షకు పంపితే, దాని మీద ఒక ఆకుపచ్చని బూజు దొరికింది. ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ అనే శాస్త్రజ్ఞులు దాని మీద ఏళ్ళ తరబడి పని చేశారు. 1977లో రీస్ పేరు మీదనే ఆ బూజుకు ట్రైకోడెర్మా రీసీ అని పేరు పెట్టారు. ఎండుతెగులుకు మనం పశువుల ఎరువులో కలిపి వేసే ట్రైకోడెర్మా విరిడి దీనికి దాయాదే. సైన్యానికి శత్రువైన బూజు మన పెంటకుప్పకు చుట్టం!

ఇప్పుడు పెద్దాయన చేను దగ్గరికి వద్దాం. ఎంజైము అనేది కూడా మాంసకృత్తే. అంటే దాన్ని తయారుచేయడానికి నత్రజని కావాలి. సూక్ష్మజీవి ఒళ్ళు పెరగడానికి కూడా నత్రజని కావాలి. ఆకులో కర్బనం దండిగా వున్నది, నత్రజని మాత్రం కొంచెం. తిండి గాదెల నిండా వున్నది, ఉప్పు లేదు, అన్నట్టు. అప్పుడు సూక్ష్మజీవులు చుట్టూ వున్న మట్టిలోని నత్రజనిని లాక్కుంటాయి. వేరు కంటె అవే చురుకు. మొక్కకు అందేలోపల అవి పట్టేసుకుంటాయి.

మోటు లెక్క ఒకటి వేసి చూపుతాను. ఒక టన్ను ఎండు మామిడాకులో కర్బనం సుమారు 400 కిలోలు, నత్రజని సుమారు 10 కిలోలు. ఆ కర్బనంలో మూడో వంతు, అనగా 135 కిలోల చొప్పున సూక్ష్మజీవుల ఒంటికి పట్టిందనుకుందాం. మిగిలింది గాలిలో కలుస్తుంది. వాటి ఒంట్లో తొమ్మిది పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని వుంటుందనుకుంటే, 15 కిలోల నత్రజని కావాలి. ఆకులో వున్నది పది. తక్కువైన ఐదు కిలోలు నేల ఇవ్వవలసిందే. మూడు టన్నులకు 15 కిలోలు. యూరియాలో చెప్పాలంటే 33 కిలోలు, ఇప్పటి 45 కిలోల బస్తాలో ముక్కాలు. ఇదంతా ఒక్కసారిగా పోదు, మురిగే కొద్దీ నెమ్మదిగా పోతుంది. పోయినది శాశ్వతంగా కూడా పోదు. ఆ జీవులు చచ్చిన తరువాత తిరిగి నేలకే వస్తుంది. కాని చెల్కలో నత్రజని ముందే అంతంత మాత్రం. ఇరవై రోజుల మొక్కకు అప్పు రేపు తీరుస్తానంటే కడుపు నిండుతుందా? దీనికి తోడు, ఎండాకు దొంతరలు దొంతరలుగా సాలులో పడి గాలి బొరియలు ఏర్పడ్డాయి, తేమ ఆరిపోయింది. అదిన్నీ నేను ముందు చెప్పవలసిన మాటే.

చెట్టు మీది పచ్చాకు వేరు, రాలిన పండుటాకు వేరు అని కూడా అప్పట్లో నాకు తోచలేదు. చెట్టు పిసినారి. ఆకును వదిలేముందు దానిలోని నత్రజనిని సగం వరకు కొమ్మలోకి వెనక్కు తీసుకుంటుంది. ఆకు పసుపుబారడమంటే అదే. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు పనికొచ్చే సామాను ముందుగా తరలించుకుపోయినట్టన్నమాట. కనుక కానుగ కొమ్మలు కొట్టి పచ్చిగా మడిలో తొక్కిన పెద్దలకు మేలు జరిగింది; రాలిన ఆకును అదే విధంగా వేసినవాళ్ళకు జరగలేదు.

నత్రజని ఒక్కటే అయితే యూరియా చల్లి వూరుకోవచ్చు. ఆకులో ఇంకా రెండున్నవి.

మొదటిది లిగ్నిను. ఇది కట్టెకు గట్టిదనమిచ్చే పదార్థం. గోడలో ఇనుప చువ్వల చుట్టూ సిమెంటు పోసినట్టు, సెల్యులోజు పోగుల చుట్టూ లిగ్నిను బిగుసుకుని వుంటుంది. ఎంజైములు పోగును అందుకోవాలంటే ముందు ఈ సిమెంటు పగలాలి. జనుము, జీలుగ పూతకు రాగానే దున్నమని మేము చెబుతాం గదా. "ఇంకొన్నాళ్ళుంటే ఆకు ఎక్కువొస్తది గదా" అని మీరంటారు. ఎక్కువ వస్తుంది, నిజమే. కాని పూత దాటితే కాడలో లిగ్నిను పెరిగి నార గట్టిపడుతుంది, దున్నినా మురగదు. పత్తికట్టె, కందికట్టె, టేకాకు ఈ జాతివే.

లిగ్నినును బాగా పగలగొట్టగలిగేవి ముఖ్యంగా కొన్ని శిలీంధ్రాలు. పాత దుంగ లోపల తెల్లగా, దూదిలాగా పుచ్చిపోయి వుండడం చూస్తాం. అది వాటి పనే. వరిగడ్డి మీద పెంచి అమ్ముతున్న ముత్యపుచిప్ప పుట్టగొడుగు ఈ వర్గంలోదే. తొలకరి వానలకు పుట్టల మీద మొలిచే పుట్టగొడుగులు మీరు తెచ్చి కూర వండుకుంటారు. ఆ చెదలు ఆకూ పుల్లా నమిలి, పుట్ట లోపల తేనెపట్టులాంటి మడులు కట్టి, వాటి మీద ఈ బూజును సాగు చేస్తాయి. బూజు ఆ పుల్లలను మెత్తబరిస్తే చెదలు తింటాయి. మనకంటె ముందు కంపోస్టు కనిపెట్టింది చెదపురుగే అంటే తప్పు లేదు.

ఇక్కడొక మెలిక వున్నది. అమెరికాలోని పరిశోధకులు 2000లో ప్రకటించిన ప్రయోగంలో మూడు రకాల చెట్ల రాలుటాకులకు నత్రజని కలిపి చూశారు. మూడింటిలోనూ సెల్యులోజును తెంపే ఎంజైముల పని పెరిగింది. అయినా మురుగుడు మాత్రం మూడింటిలో ఒక తీరున లేదు. లిగ్నిను తక్కువ వున్న డాగ్‌వుడ్ అనే చెట్టు ఆకు ముందుకంటె తొందరగా మురిగింది. లిగ్నిను ఎక్కువ వున్న ఓక్ చెట్టు ఆకు ముందుకంటె ఆలస్యంగా మురిగింది. కారణమేమంటే, నత్రజని దండిగా దొరికేసరికి లిగ్నినును పగలగొట్టే ఎంజైములు తగ్గిపోయాయి. కత్తెరలు పెరిగినై, సమ్మెట వెనుకబడ్డది. కనుక "మురగకుంటే యూరియా కొట్టు" అన్న సలహా వరిగడ్డికి సరిపోతుంది గాని, టేకాకుకు సరిపోదు. ఈ సంగతి తెలియకపోతే నేను ఇప్పటికీ అన్నింటికీ అదే మందు చెబుతుండేవాణ్ణి.

రెండవది టానిను. వగరు పదార్థం. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తంగేడు పూలు బతుకమ్మలో పేరుస్తాం. ఆ తంగేడు బెరడును, తుమ్మ బెరడును పూర్వం నుంచీ తోళ్ళు పదును పెట్టడానికి వాడుతున్నారు. పచ్చితోలు రెండు రోజులుంటే కుళ్ళుతుంది. తంగేడు చెక్క నీళ్ళలో నానబెడితే అదే తోలు చెప్పు అయి, ఏండ్లు మన్నుతుంది. ఎందుకు? చెక్కలోని టానిను తోలులోని మాంసకృత్తులను పట్టుకుని కట్టిపడేస్తుంది. ఇందాక ఏమనుకున్నాం? ఎంజైము కూడా మాంసకృత్తే. టానిను దండిగా వున్న ఆకు మీద ఎంజైము పడిందంటే, దానికీ తోలుకు పట్టిన గతే పడుతుంది. కత్తెరను తాడుతో చుట్టేసినట్టు. పైగా ఆకులోని మాంసకృత్తులను కూడా టానిను బిగబట్టి, వున్న నత్రజనిని సైతం సూక్ష్మజీవులకు అందనీయదు. ఆకులో నత్రజని ఎంత వున్నదనేది ఒక్కటే చూస్తే చాలదని దీనివల్ల తెలుస్తున్నది. తుమ్మాకులో నత్రజని వున్నది, వగరూ వున్నది.

ఈ టానినును ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. పల్లీ చేను పసుపుబారితే చల్లే అన్నభేది మీ ఇళ్ళలో వుండే వుంటుంది. గుప్పెడు ఆకును నలిపి, గ్లాసు నీళ్ళలో మరగబెట్టి వడకట్టండి. ఇనుప గిన్నె వద్దు, స్టీలు గాని మట్టిది గాని వాడండి. చల్లారిన తరువాత చిటికెడు అన్నభేది వేయండి. టానిను వుంటే నీళ్ళు నల్లసిరా అవుతాయి. వెనుకటి రోజుల్లో కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచింది ఈ సూత్రం మీదనే. మామిడాకు కషాయం చూస్తూండగానే నల్లబడుతుంది. గ్లైరిసీడియా ఆకుది అంతగా నల్లబడదు. పక్కపక్కన పెట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది. కొందరు ఆకు కొరికి వగరు చూస్తారు. అది అన్నింటికీ పనికిరాదు. జిల్లేడు, గన్నేరు నోట పెట్టకూడదు. అన్నభేది పరీక్షే క్షేమం.

టానినుకు ఒక బలహీనత వున్నది. చాలావరకు నీళ్ళలో దిగిపోతుంది. తొలివానకు ఆకుపోగు కింద టీ డికాషన్ లాంటి ఎర్రటి నీళ్ళు కారడం చూశారు గదా, అదే. కనుక వగరు ఆకును గుంటలో వేసేముందు రెండు మూడు రోజులు నానబెట్టి, ఆ నీళ్ళు వంపేస్తే కొంత నయం. నీళ్ళెక్కడివి అంటారా? అయితే ఒక వానాకాలం బయట తడవనివ్వండి. మన పాత మహబూబ్‌నగర్ జిల్లాకు సగటు వాన సుమారు 600 మిల్లీమీటర్లు. ఆ పనికి అది చాలు.

ఎండను గురించి కూడా ఒక మాట. వాన లేని నెలల్లో ఆకు మీద సూక్ష్మజీవుల పని దాదాపు ఆగిపోతుంది. కాని ఎండ పని చేస్తూనే వుంటుంది. మనలాంటి పొడి ప్రాంతమైన దక్షిణ అమెరికాలోని పటగోనియాలో పరిశోధకులు గమనించిందేమిటంటే, సూర్యకాంతి లిగ్నినును కొంత విరగ్గొడుతుంది. తరువాత తడి తగిలినప్పుడు ఎంజైములకు సెల్యులోజు సులువుగా అందుతుంది. అంటే వేసవిలో గట్టు మీద పరిచిన ఆకు ఊరకే పడి లేదు. పోగు పెడితే పై పొరకే ఎండ తగులుతుంది. పలుచగా పరచండి.

మరి ఏ ఆకును ఎక్కడ వేయాలి? 2001లో చెరిల్ పామ్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఉష్ణదేశాల చెట్ల, పైర్ల ఆకుల పరీక్షలెన్నో గుదిగుచ్చి ఒక దారి చూపించారు. ఆకులో నత్రజని నూటికి 2.5 కంటె ఎక్కువుండి, లిగ్నిను 15కు లోపు, టానిను వంటి వగరు పదార్థాలు 4కు లోపు వుంటే నేరుగా నేలలో కలపవచ్చు. నత్రజని వుండి కూడా లిగ్నిను గాని వగరు గాని హద్దు దాటితే, మంచి ఆకుతో గాని ఎరువుతో గాని జోడించి వేయాలి. నత్రజని తక్కువ, లిగ్నిను కూడా తక్కువ అయితే కంపోస్టు గుంటలో పడాలి, లేదా నత్రజని ఎరువుతో కలిపి వేయాలి. నత్రజని తక్కువ, లిగ్నిను ఎక్కువ అయితే అసలు నేలలో కలపవద్దు, నేల మీద కప్పండి. పెద్దాయన మామిడాకు ఈ చివరి జాతిది. దాన్ని నేను దున్ని కలపమన్నాను.

మన చేతిలో ప్రయోగశాల లేదు గదా అంటే, కళ్ళూ చేతులూ వున్నాయి. ఆకు ముదురు ఆకుపచ్చగా వుంటే నత్రజని వున్నట్టు, పసుపో గోధుమరంగో అయితే తగ్గినట్టు. ఎండాకును పిడికిట నలిపితే పొడి అయితే లిగ్నిను తక్కువ. తోలులాగ వంగి, పీచు పీచుగా చీలితే ఎక్కువ. వగరుకు అన్నభేది. ఈ లెక్కన గ్లైరిసీడియా, కానుగ, జీలుగ, జనుము పచ్చివి నేరుగా మడిలోకి. సుబాబులు, తుమ్మ ఇంకొక ఆకుతో కలిపి. వరిగడ్డి గుంటలోకి. మామిడి, టేకు, నీలగిరి చెట్ల మొదళ్ళ చుట్టూ కప్పుగా.

గుంట సంగతి క్లుప్తంగా చెబుతాను, మీకు తెలిసిందే గనుక. ఆల్బర్ట్ హోవర్డ్ ఇందూరులో మన దేశపు రైతుల పద్ధతులనే చూసి, యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో పుస్తకం రాసినప్పటి నుంచి కీలకం మారలేదు: ఎండుదీ పచ్చిదీ కలవాలి, పేడ తగలాలి, గాలి ఆడాలి, తడి ఆరకూడదు. మూడు తట్టల ఎండాకుకు ఒక తట్ట పచ్చాకు, పైన పేడనీళ్ళు. మనిషి నడుమెత్తు కుప్ప చాలు. వరిగడ్డి అయితే టన్నుకు ఐదు కిలోల యూరియా నీళ్ళలో కలిపి చల్లవచ్చు. మూడు వారాలకొకసారి తిరగేయాలి. గుప్పెడు తీసి పిండితే చుక్క రెండు చుక్కలు రావాలి; ధార కారితే గాలి ఆడదు, ఏమీ రాకపోతే పని ఆగింది. నడిగడ్డలో చెడేవి ఎక్కువగా నీళ్ళు చాలకనే. చెట్టునీడన వేసి, పైన పాత గోనెలు కప్పండి. పత్తికట్టెను ముక్కలు చేయకుండా కుప్పలో వేస్తే రెండేండ్లు పడుతుంది. గులాబీరంగు పురుగు కూడా అందులోనే దాగి వుంటుంది గనుక, పంట కాగానే తునకలు చేయించి వేడి కుప్పలో వేయడమే మేలు. గద్వాల వైపు విత్తనపత్తి సాగు చేసేవాళ్ళు ఈ మాట ప్రత్యేకంగా గమనించగోరుతున్నాను.

ఈమధ్య చాలామంది నన్ను సీసాల గురించి అడుగుతున్నారు. 2015లో ఘాజియాబాదులోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం వేస్ట్ డీకంపోజరు అనే సీసాను 20 రూపాయలకు విడుదల చేసింది. ఆ తరువాత 2020లో ఢిల్లీలోని పూసా సంస్థవారి డీకంపోజరు పేరుకెక్కింది. వీటిలో వుండేవి సూక్ష్మజీవులే. వాడితే వాడండి, నాకు అభ్యంతరం లేదు. కాని కూలీలు వచ్చినంత మాత్రాన చేను కోత కాదు. తడి, నత్రజని లేకుండా, వగరు ఆకు మీద సీసా పోస్తే అవి కూడా చేతులు కట్టుకుని కూర్చుంటాయి. ఆకు చూసుకున్న తరువాతే సీసా.

కాల్చినవాళ్ళకు ఏం పోతున్నదో కూడా చెప్పాలి. ఆకు కాలిస్తే దానిలోని నత్రజని ఇంచుమించు అంతా పొగలో పోతుంది. పొటాషు మాత్రం బూడిదలో మిగులుతుంది, అది కూడా గాలికి ఎగరకపోతే. చెట్టు సగం తీసుకుని వదిలిన సగాన్ని మనం కృష్ణ మీదికి వదులుతున్నాం.

ఆ పెద్దాయన దగ్గరికి మరుసటి ఏడాది పోవడానికి నాకు మొగమాటమయింది. పోయాను. తప్పు నాదని చెప్పి, ఈ ఆకుల లెక్కంతా వివరించాను. "ఇది అప్పుడే చెప్పరాదా" అన్నాడు. అంతే. ఆ వేసవిలో మళ్ళీ మామిడాకు తెచ్చాడు గాని, చేలో కలపలేదు. నిమ్మ మొక్కల మొదళ్ళ చుట్టూ బెత్తెడు మందాన పరిచాడు. చేనుకు మాత్రం గట్టు మీది కానుగ, పశువుల పేడ, వరిగడ్డి కలిపి కుప్ప వేశాడు.

పోయిన వానాకాలం ఆయన చేలోనే ఇద్దరం కలిసి ఒక పరీక్ష చేశాం. మీరు కూడా చేయవచ్చు. గంజి లేని కొత్త తెల్ల నూలుగుడ్డ తీసుకోండి. గంజి వుంటే ఉడకబెట్టి జాడించాలి. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు పేలికలు చింపి, కంపోస్టు వేసిన చోట నాలుగు, వేయని చోట నాలుగు, బెత్తెడు లోతున పాతిపెట్టండి. గుర్తుకు పుల్లలు నాటండి. పదిహేను రోజులకొకటి చొప్పున తీసి, మట్టి దులిపి, రెండు చేతులా పట్టి లాగి చూడండి. నూలు సెల్యులోజు గనుక, గుడ్డ ఎంత చీకితే ఆ నేలలో ఎంజైముల పని అంత జరుగుతున్నట్టు. రెండు చోట్లా ఒకే తడి వుండాలి, లేకపోతే పోలిక చెడిపోతుంది.

మా రెండవ తడవకు, అంటే నెల దినాలకు, కంపోస్టు వేసిన వైపు పేలిక చేతిలోకి తీయగానే దారాలు దారాలుగా విడిపోయింది. వేయని వైపుది అక్కడక్కడ మరకలు పడ్డదే గాని, లాగితే ఇంకా బిగువు వున్నది. పెద్దాయన దాన్ని విప్పదీసి, ఎండకు పట్టి చూసి, మళ్ళీ అదే గుంటలో పెట్టి మట్టి కప్పాడు. "ఉండనీ సారూ, దీనికీ వస్తది వంతు" అన్నాడు.

మీలో ఎవరైనా ఈ పేలికల పరీక్ష చేస్తే, తీసిన గుడ్డలను కాగితంలో చుట్టి, మీద తేదీ, నేల రకం, వేసిన ఆకు పేరు రాసి, మీ ఊరి రైతు వేదికలో విస్తరణాధికారికి ఇవ్వండి. చెల్కలోవి, రేగడిలోవి విడివిడిగా కట్టండి.